పండిన పిడికిళ్ళు

ఉదయము ఆరు గంటల వేళ తార్నాక చౌరస్తాలో బస్సు దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి నడచిపోవువారికి మొదట కానవచ్చునది విద్య కాదు, వ్యాయామము. పింఛను పుచ్చుకొను పెద్దలు చెవులకు మఫ్లరు చుట్టుకొని వడివడిగా నడచుచుందురు. పోలీసు ఉద్యోగములకై సిద్ధపడు యువకులు రొప్పుచు పరుగిడుచుందురు. మైదానపు మూలను, చెట్టునీడలో, తెల్లని దుస్తులు తొడిగి, నడుమునకు పసుపుపచ్చ, ఆకుపచ్చ, గోధుమవన్నె బెల్టులు బిగించిన బాలబాలికలు, కరాటే మాస్టరు వేసిన కేకకు మాఱుకేక వేయుచు, ఒక్కుమ్మడిగా పిడికిళ్ళు విసరుచుందురు. మాస్టరు మొగము అటు త్రిప్పినంతనే వారిలో కొంటెవాడొకడు ఎడమకాలు ముందునకు సాచి, బొటనవ్రేలితో ముక్కుప్రక్కను ఒక్కమాఱు తుడుచుకొని, గొంతులో పిల్లికూతవంటి ధ్వని నొకదానిని పుట్టించును. ఆ ముద్ర బ్రూస్‌లీది. ఆ బాలుడు పుట్టుటకు దశాబ్దములకు పూర్వమే, 1973 జూలై 20వ తేదీన, ముప్పదిరెండేండ్ల ప్రాయమున హాంకాంగు నగరమున కన్నుమూసిన నటుని విలాసము వీనికి ఎవరు నేర్పిరని అడిగినచో వాడు చెప్పలేడు. మాస్టరును అడిగినను చెప్పలేకపోవచ్చును.

అయినను ఈ వ్యాసమునకు నాయకుడు బ్రూస్‌లీ కాడు. అతనిని గూర్చి మన దేశమున వ్రాయని భాష లేదు, అతని పటము తగిలింపని వ్యాయామశాల లేదు. అకాలమరణము నొందిన వీరునకు ఒక సౌకర్యము కలదు: వాని జుట్టు ఎన్నటికిని తెల్లబడదు, వాని మోకాలికి వాతము రాదు. నాకు చిరకాలముగా ఆశ్చర్యము గొలుపుచున్నవారు ఆయనకు ఎదురుగా నిలిచినవారు, ఆయనకు పూర్వము తెరపై పోరాడినవారు, ఆయన పోయిన తరువాతను పోరాడుచు పోరాడుచు ముదుసలులైనవారు. కుంగ్‌ఫూ చిత్రము లోకమునకు ఇచ్చినది మెఱుపువలె కాలు విసరు పడుచువానిని అని సామాన్యముగా ననుకొందురు. నా మట్టుకు నాకు, అది ఇచ్చిన అసలు కానుక వృద్ధుడైన యోధుడు. మన తెలుగు తెరకు లోపించినదియు వాడే.

‘ఎంటర్ ది డ్రాగన్’ చిత్రపు చివరి ఘట్టము పెక్కుమందికి జ్ఞాపకముండును: నలువైపుల అద్దములు, ఏది మనిషియో ఏది నీడయో తెలియని గది, ఒక చేతికి ఇనుపగోళ్ళు తగిలించుకొనిన దుష్టుడు. ఆ హాన్ అను దుష్టపాత్రను ధరించిన షి కియెన్ 1913వ సంవత్సరమున జన్మించినవాడు. చిత్రనిర్మాణము జరుగునాటికి ఆయనకు షష్టిపూర్తి వయస్సు. బ్రూస్‌లీ ఆయనకన్న దాదాపు ఇరువదెనిమిదేండ్లు చిన్న. ఈ రెండు దేహములకు సరిసమానమైన ముష్టియుద్ధము కల్పించుట హాస్యాస్పదమని చిత్రకర్తలకు తెలియును గనుకనే, వృద్ధుడు బలముతో గాక ఎత్తుగడలతో పోరును, బహిరంగమున నిలువక అద్దముల చాటునకు వెనుదీయును, తన చేతికి చాలని దానిని గోళ్ళతో పూరించుకొనును. ఈ గది చిత్రకథకు అలంకారము మాత్రమే కాదు. అరువదేండ్ల వానికి అది కోట. ఇంగ్లీషు రాని షి కియెన్‌కు ఆ చిత్రమున గొంతు అరువిచ్చినవాడు కీ ల్యూక్ అను అమెరికా నటుడు. కంఠము పరులదైనను, ఆ నిలుకడ, ఆ మణికట్టు త్రిప్పు మాత్రము పడుచుతనముననే చిన్‌వూ వ్యాయామసంఘమున చేరి సాధన చేసిన దేహమునకు స్వార్జితములు.

షి కియెన్ పేరు హాంకాంగు ప్రేక్షకులకు బ్రూస్‌లీ వలన తెలిసినది కాదు. 1949లో ఆరంభమై, డెబ్బదికి పైబడిన చిత్రములుగా రెండు దశాబ్దములకు మించి సాగిన వాంగ్ ఫీ హుంగ్ కథామాలికలో ఆయనయే ఆస్థాన ప్రతినాయకుడు. వాంగ్ ఫీ హుంగ్ కల్పితుడు గాడు. దక్షిణ చైనాలో పందొమ్మిదవ శతాబ్దమున పుట్టి, వైద్యమును మల్లవిద్యను ఒక్క కప్పు క్రిందనే నడిపిన చారిత్రక పురుషుడు. ఆ పాత్రను ధరించిన క్వాన్ తక్ హింగ్ 1905లో జన్మించి, కాంటనీసు సంగీతనాటకములలో పేరు గడించి సినిమాలోనికి వచ్చినవాడు. ఒక నాయకుడు, ఒక ప్రతినాయకుడు, ఏటికేడు అదే వైరము, చివరకు అదే క్షమ. మన పాఠకులకు ఈ ఏర్పాటు క్రొత్తగా తోచదు. మనకును ఇట్టి జంట యొకటి యుండెను. ఆ మాట తరువాత చెప్పెదను.

1979వ సంవత్సరమున యువెన్ వూ పింగ్ ‘ది మాగ్నిఫిసెంట్ బుచర్’ అను చిత్రమును తీయుచు, డెబ్బదినాలుగేండ్ల క్వాన్ తక్ హింగ్‌ను మరల వాంగ్ ఫీ హుంగ్‌గా నిలిపెను. అందులో ఒక పోరాటము కలదు. నేను దానిని ఎన్నిమాఱులు చూచితినో లెక్కపెట్టలేదు. వృద్ధగురువు బల్ల వద్ద కుంచె చేతబట్టి అక్షరములు వ్రాయుచుండును. పగబట్టి వచ్చిన మఱొక పాఠశాల గురువు ఆ వ్రాత సాగనీయనని పట్టుబట్టును. ఇతడు చేయి లాగబోవును. ఆ చేయి లాగిన వైపునకే పోయి గీతను ముగించి వచ్చును. ఇతడు కుంచెను తప్పింపజూచును. కుంచె తప్పుకొనుచునే సిరాలో మునిగి లేచును. ఒకని శరీరమంతయు యుద్ధము చేయుచుండ, రెండవవాని మణికట్టు మాత్రమే యుద్ధము చేయును. డెబ్బదినాలుగేండ్ల వానిచేత పడుచువాని పోరాటము చేయింపక, డెబ్బదినాలుగేండ్లు బ్రదికినవాడు మాత్రమే చేయగల పోరాటమును కనిపెట్టుటలోనున్నది ఆ దర్శకుని ప్రతిభ. తొందరపాటు లేకపోవుట అను గుణమును బలముగా చూపిన పోరాటము మఱొకటి నేను ఎఱుగను.

ఆ దర్శకునకు ఇది ఇంటివిద్య. అంతకు ముందటి యేడు, 1978లో, తన తండ్రియైన యువెన్ సియూ తియెన్‌ను తాగుబోతు బిచ్చగాని వేషమున నిలిపి, ఇరువదినాలుగేండ్ల జాకీచాన్‌ను శిష్యునిగా అప్పగించి, ‘డ్రంకెన్ మాస్టర్’ తీసెను. అల్లరి శిష్యుడు గుఱ్ఱమెక్కినట్లు కాళ్ళు వంచి, తొడలపైనను తలపైనను గిన్నెలు మోయుచు కదలక నిలువవలెను. క్రిందను సాంబ్రాణివత్తి వెలుగుచుండును. తలక్రిందులుగ వ్రేలాడుచు, క్రింది బాల్చీలోని నీటిని చిన్న గిన్నెలతో తోడి, పొట్టను మడచి పైకి లేచి, పై బాల్చీలో పోయవలెను. ముసలి గురువు కల్లుముంత వంటి సొరకాయ బుఱ్ఱను చప్పరించుచు ప్రక్కను కూర్చుండి చూచుచుండును. ఆ చిత్రము విడుదలయైన కొలది మాసములకే, 1979 ఆరంభమున, యువెన్ సియూ తియెన్ కాలధర్మము చెందెను. అరువదియారేండ్ల వయస్సున ఆయనకు లభించిన ఆ కీర్తి, అప్పటి వఱకు చిన్నచిన్న వేషములతో గడచిన జీవితమునకు వడ్డీతో సహా చెల్లిన బాకీ.

కత్తి కాంతారావు, రాజనాల

ఇప్పుడు మన జంటను గూర్చి. కోదాడ ప్రాంతపు గుడిబండలో 1923లో పుట్టిన తాడేపల్లి లక్ష్మీ కాంతారావును తెలుగు ప్రేక్షకుడు పేరుతో పిలువలేదు, ఆయుధముతో పిలిచెను: కత్తి కాంతారావు. విఠలాచార్య తీసిన ‘గురువును మించిన శిష్యుడు’ 1963లోను, ‘జ్వాలాద్వీప రహస్యము’ 1965లోను వచ్చినవి; అట్టి జానపద చిత్రములు ఆడిన కాలమున, కోటమెట్లపై కాంతారావును, ప్రతినాయకుడైన రాజనాలయు కత్తులు దూసి నిలిచినచో, నేల టికెట్టు ప్రేక్షకులు బెంచీలకు జరిగి, బెంచీలవారు కుర్చీలకు జరిగి, హాలంతయు ఒక అడుగు ముందునకు వచ్చెడిది. ఆ పోరాటములను నేడు మరల చూచినచో ఒక విషయము స్పష్టపడును: కెమెరా దూరముగా నిలిచి, ఇరువురిని తల మొదలు పాదముల వఱకు చూపుచు, వారి పని వారిని చేయనిచ్చును. కత్తికి కత్తి తగులుట కంటికి కనబడును. కాలు జాఱినచో జాఱుటయు కనబడును. హాంకాంగు చిత్రములకు మన జిల్లాలలో దొరకిన ఆదరణకు బ్రూస్‌లీ ఒక్కడే కారణమని నేను నమ్మను. దేహము చేయు పనిని తెగగొట్టకుండ చూచు అభ్యాసమును విఠలాచార్య యప్పటికే మనకు కలిగించి యుండెను.

అయితే తరువాతి కథ వేఱు. జానపదములు వెనుకబడినవి, కాంతారావు స్వయముగా చిత్రములు నిర్మించి నష్టపోయెను, వయస్సు మీఱిన తరువాత తండ్రి వేషములు, తాత వేషములు, పిమ్మట టెలివిజను ధారావాహికలలో చిన్న పాత్రలు. ఆయన చేతికి కత్తి మరల ఎవరును ఈయలేదు. రాజనాల కడపటి దినములలో మధుమేహపు వ్యాధిచేత ఒక కాలు కోల్పోయి, పేదఱికమున 1998లో గతించెను. కాంతారావు 2009 మార్చిలో పోయెను. అదే సంవత్సరము జూన్ మాసమున, హాంకాంగులో, తొంబదియారేండ్లు నిండు బ్రదుకు బ్రదికి షి కియెన్ పోయెను. ఒక్క యేట గతించిన ఈ యిరువురు తెరయోధులలో ఒకనికి అరువదవ యేట జగద్విఖ్యాతమైన యుద్ధము దొరకెను; రెండవవానికి అరువదవ యేట పడక్కుర్చీ దొరకెను. ప్రతిభ తక్కువ వలన గాదు. వృద్ధుని చేతికి తగిన కత్తిని ఊహింపగల రచయిత మనకు లేకపోవుట వలన.

పిల్లవానిని అప్పగించుట

వృద్ధయోధుడు ఆకాశము నుండి ఊడిపడడు; వానిని బాల్యముననే నాటవలెను. జాకీచాన్‌ను ఏడేండ్ల ప్రాయమున తల్లిదండ్రులు యు జిమ్ యువెన్ అను గురువు నడుపు నాటకపాఠశాలకు ఒప్పందము వ్రాసి అప్పగించిరి. సామో హుంగ్, యువెన్ బియావ్, కోరే యువెన్, యువెన్ వా మొదలగువారందఱును ఆ కఱ్ఱదెబ్బలు తిని పెరిగినవారే. పాట, వేషము, పిల్లిమొగ్గ, కత్తి, ఒంటికాలిపై నిలుకడ అన్నియు ఒకే చోట నేర్పు ఆ పద్ధతికి మనలో పోలిక కావలెనన్నచో సురభివారిని చూడవలెను. 1885లో కడప సీమయందలి సురభి గ్రామమున మొలకెత్తిన ఆ నాటకసమాజములలో బిడ్డ నడక నేర్చునది రంగస్థలము మీదనే. తీగలు కట్టి మనుష్యులను గాలిలో నడిపించుట, కన్నుమూసి తెఱచునంతలో దృశ్యమును మార్చుట వారికి తరతరముల విద్య. హాంకాంగువారు తీగలపై యోధులను ఎగురవేసిన యపుడు ఆశ్చర్యపడిన మన సినిమావారు, లింగంపల్లి వఱకు పోయి సురభివారిని ఒక్క మాట అడిగి యుండవచ్చును. అడుగలేదు. హాంకాంగు సినిమా తన నాటకశాలల బిడ్డలను పోరాటములకు పిలుచుకొన్నది. మన సినిమా తన నాటకశాలను వృద్ధాశ్రమమును చూచినట్లు చూచినది.

దర్శకుడైన లా కార్ లూంగ్ సంగతి ఇంకను విచిత్రము. ఆయన తండ్రి లా చామ్, లామ్ సై వింగ్ అను గురువు శిష్యుడు. ఆ లామ్ సై వింగ్ స్వయముగా వాంగ్ ఫీ హుంగ్ శిష్యుడు. అనగా తెరపై నడచిన పౌరాణిక గురువునకు, తెరవెనుక నిలిచి చేయి ఇటు పెట్టు, కాలు అటు పెట్టుమని చెప్పిన దర్శకునకు నడుమ గురుపరంపర తెగలేదు. షా సోదరుల సంస్థకు 1978లో ఆయన తీసిన ‘36వ చాంబర్ ఆఫ్ షావోలిన్’ యందు గోర్డన్ లియూ సాన్ టే అను శిష్యునిగా నటించెను. కథ స్వల్పము, శిక్షణ సుదీర్ఘము. నీటిపై తేలు దుంగలకట్టపై కాలూని దాటవలెను, దాటలేనివానికి భోజనము లేదు. చేతులు చాచి నీళ్ళబాల్చీలు మోయవలెను. చేయి వంగినచో ప్రక్కటెముకలకు కత్తిమొన. తల కదల్పక కనుగ్రుడ్లతోనే దీపమును అనుసరింపవలెను; తల కదలినచో చెంపకు వెలుగు వత్తి. ప్రేక్షకుడు విసుగుచెందునని తలచి ఏ దర్శకుడైనను ఒక పాటలో ముగించెడి శిక్షణను ఈయన గంటసేపు చూపి, అదియే కథ యనెను. ముప్పదియైదు గదులును దాటిన పిదప శిష్యుడు కోరునది పీఠము కాదు. ముప్పదియాఱవ గదిని ప్రాకారమునకు వెలుపల తెఱచి, సామాన్య జనులకు విద్య నేర్పుట. 1918లో స్థాపితమై, ఉన్నతవిద్యను దేశభాషయైన ఉర్దూలో చెప్పబూనిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థి ఎవడైనను ఆ గది యేదో తెలిసికొనకపోడు. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్స్ కళాశాల మహాద్వారము క్రింద నిలిచి ఆ కోరికను తలచుకొన్నపుడు అది చైనా మాటగా తోచదు.

ఆ ద్వారపు పరిసరములకు పిడికిలి తెరవలన పరిచితమైనది కాదు. భౌతికశాస్త్ర విద్యార్థియు, స్వయముగా బాక్సరును అయిన జార్జిరెడ్డి 1972 ఏప్రిల్ 14వ తేదీన ఈ ప్రాంగణముననే హత్యకు గుఱియయ్యెను. ఆ యేడే హాంకాంగున ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’, ‘వే ఆఫ్ ది డ్రాగన్’ వెలువడినవి. ఈ రెంటికిని సంబంధము కల్పింపబూనుట అవివేకము. కాని ఆ తరువాతి దశకములో ఇచటి హాస్టళ్ళ గోడలకు బ్రూస్‌లీ పటము అంటించిన విద్యార్థులు పిడికిలిని వట్టి వినోదముగా చూచినవారు కారు.

నేను చదువుకొను దినములలో మా హాస్టలు వరండాయందు ఒక మిత్రుడు విఱిగిన కుర్చీ కాళ్ళు రెండు కోసి, నున్నగా చిత్రికపట్టి, సైకిలు గొలుసు ముక్కతో కలిపి నన్‌చాకు తయారుచేసెను. మొదటి తిప్పునకే అది వెనుకనుండి వచ్చి అతని మోచేతిని పలుకరించెను. మోచేయి వాచెను గాని ఉత్సాహము వాడలేదు. మఱునాడు వాచ్‌మన్ గదిలోనికి తొంగిచూచి, “ఏంది సారూ, ఈ కుర్సీ కాళ్ళు ఏడబోయినయ్?” అని అడుగగా, మిత్రుడు నొప్పిచేయి వెనుకకు దాచుకొని, మహాయోధుని గాంభీర్యముతో, “చెదలు పట్టినయ్ భాయ్” అనెను.

అప్పుడు ఇంగ్లీషు చిత్రమన్నచో సికింద్రాబాదు పోవలసినదే. తార్నాకలో బస్సెక్కి మెట్టుగూడ దాటినచో సంగీత్ టాకీసు దారిలోనే తగిలెడిది; డబ్బు, తీరిక రెండును ఉన్ననాడు బషీర్‌బాగ్ స్కైలైన్ వఱకు పోవువారము. అయితే కుంగ్‌ఫూ చిత్రము నిజముగా బ్రదికినది ఈ పెద్దహాళ్ళలో కాదు. అది జిల్లా పట్టణములలో, చిన్న హాళ్ళలో, మార్నింగ్ షోలలో, గీతలు పడిన ప్రింట్లపై, ఎన్నో మాఱులు మరల మరల విడుదలయగుచు బ్రదికినది. ఎస్. వి. శ్రీనివాస్ అను సినీపరిశోధకుడు 2003లోను 2005లోను ప్రకటించిన వ్యాసములలో హాంకాంగు చిత్రములు మన రాష్ట్రపు బి-సెంటర్లలో ఎట్లు తిరిగినవో, తెలుగు మాస్ హీరో నిర్మాణమునకు వానితో గల బంధుత్వమేమో చర్చించెను. శ్రీహరి టైక్వాండో యోధునిగా నటించిన ‘భద్రాచలం’ వంటి చిత్రమును కూడ పండితచర్చకు తగినదిగా ఎంచిన వ్యాసములవి. ఈ విషయములు చర్చింపబడుటకు తార్నాక తగని చోటేమియు కాదు: 1958లో కేంద్ర ఆంగ్లభాషా సంస్థగా పుట్టి, 1972లో సీఫెల్‌గా మాఱి, 2007లో విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ ఇచటనే కలదు, సినిమాను శాస్త్రముగా చదివించిన మాధవప్రసాద్ వంటి ఆచార్యులు అచ్చట బోధించిరి. సినిమా చూచుటకు తరగతి ఎగగొట్టు కాలము పోయి, సినిమాయే తరగతి యైన కాలము వచ్చినది. మా తరమువారికి ఇందులో కొంత యసూయయు లేకపోలేదు.

గొలుసు తెగిన తరువాత

తెలుగు తెరపై కరాటే ఎనుబదుల ఆరంభముననే అడుగుపెట్టెను. సుమన్, భానుచందర్ ఇరువురును ఆ విద్య నభ్యసించినవారు. కన్నడసీమ నుండి వచ్చిన అర్జున్ కూడ అట్టివాడే. వారు కాలు లేపినపుడు డూపు లేడను నమ్మకము ప్రేక్షకునికి కలిగెను. అది చిన్న విషయము కాదు. ఐనను హాంకాంగు ప్రభావము అన్నింటికన్న లోతుగా దిగిన తెలుగు చిత్రమున కరాటే లేనే లేదు. అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల దుకాణము నడపిన రాంగోపాల్ వర్మ 1989లో ‘శివ’ తీసెను. రోమునగరమున రౌడీలు పీడించు హోటలునకు ఒక క్రొత్తవాడు వచ్చు ‘వే ఆఫ్ ది డ్రాగన్’ కథలో, హోటలు తీసి కళాశాల పెట్టితినని ఆయనయే చెప్పియున్నాడు. కాని వర్మ తెచ్చుకొన్నది కథకన్న సూక్ష్మమైనది. బ్రూస్‌లీ కొట్టుటకు ముందు కదలక నిలుచును. ఆ నిలుకడ యందు ప్రేక్షకుని ఊపిరి ఆగును. నాగార్జున సైకిలు గొలుసు తెంపు ఘట్టమున దెబ్బ గాదు గొప్ప. దెబ్బకు ముందున్న మౌనము గొప్ప. మా వరండాలో మోచేతికి తగిలిన గొలుసునకు ఆ దినమున గౌరవము వచ్చెను.

ఆ మౌనమును నేర్చినవారు తక్కువ, గొలుసును నేర్చినవారు ఎక్కువ. పవన్‌కళ్యాణ్ మొదటి చిత్రమైన ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’ (1996) లోను, ‘తమ్ముడు’ (1999) లోను తాను సాధించిన విద్యను డూపు లేక చూపెను. 2003లో స్వయముగా దర్శకత్వము వహించి ‘జానీ’ తీసెను. ఆ చిత్రము ఆడలేదు. కాని మల్లవిద్యను తీవ్రముగా పట్టించుకొన్న తెలుగు చిత్రములలో అది యొకటి యని ఇప్పటికిని నా నమ్మకము. తరువాత వచ్చినది తీగల యుగము, కత్తిరింపుల యుగము. దెబ్బ ఎత్తుట ఒక షాటు, తగులుట ఒక షాటు, ఎగిరిపడుట ఒక షాటు. ఎవడు ఎవనిని కొట్టెనో కూర్పరికి మాత్రమే తెలియును. ఇట్టి పద్ధతిలో అరువది దాటిన మన కథానాయకులు ఇరువదియైదేండ్ల వానివలె ఏబదిమందిని చిమ్మివేయుచున్నారు. హాంకాంగువారు ముసలితనమునకు యుద్ధము కల్పించిరి. మనవారు యుద్ధముతో ముసలితనమును కప్పిపుచ్చుచున్నారు. 2022లో ‘లైగర్’ చిత్రమున బాక్సరు మైక్ టైసన్‌ను నిలిపిరి. ఏబది దాటిన ఆ మహామల్లుని మొగముపై ఎంత చరిత్ర వ్రాయబడియున్నదో! దానిని చదువక ఆయనను నవ్వులపాలు చేసిరి. షి కియెన్‌కు అద్దముల గది కట్టినవారు టైసన్‌కు ఏమి కట్టియుందురో యని ఆ హాలులో కూర్చుండి ఆలోచించితిని.

స్త్రీల విషయమున మనము కొంత మెఱుగు. 1966లో ‘కమ్ డ్రింక్ విత్ మీ’ చిత్రమున ఇరువదేండ్ల కత్తివీరురాలిగా వచ్చిన చెంగ్ పే పే, 2000లో ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ యందు ఏబదినాలుగేండ్ల జేడ్ ఫాక్స్‌గా మరల కత్తి పట్టెను. విద్య నేర్పని గురువులపై కసిపట్టిన ఆ ముదుసలి పాత్రలో పడుచుదనపు నేర్పును, ముదిమి చేదును కలిసి యున్నవి. ఆమె 2024లో గతించెను. ‘కర్తవ్యం’ (1990) నాటి ఖాకీని విజయశాంతి 2025లో ‘అర్జున్ సన్ ఆఫ్ వైజయంతి’ కొఱకు మరల తొడిగినపుడు హాలులో మ్రోగిన చప్పట్లు ప్రేక్షకుడు దేనికై కాచుకొని యున్నాడో చెప్పకయే చెప్పినవి. నిర్మాతలకు వినబడెనో లేదో.

హాంకాంగు తన ముదుసలులను మఱవలేదు. 2004లో స్టీఫెన్ చౌ ‘కుంగ్‌ఫూ హజిల్’ తీసినపుడు, ఇరుకు వాడలో అద్దెలు వసూలుచేయు మొగుడు పెండ్లాలుగా యు జిమ్ యువెన్ పాఠశాలలో కలిసి పెరిగిన యువెన్ వా, యువెన్ చియూలను నిలిపి, వారి చేతనే వాడను కాపాడించెను. క్వెంటిన్ టరంటినో ‘కిల్ బిల్’ రెండవ భాగమున గోర్డన్ లియూకు తెల్లని గడ్డము కట్టి గురువును చేసెను. అదే గోర్డన్ లియూను 2009లో ‘చాందినీ చౌక్ టు చైనా’లో హిందీవారు కూడ పిలుచుకొనిరి. మనకు గడ్డములు కొదువ కాదు, పిలుపు కొదువ.

ఆ పిలుపునకు నోచుకొననివారు ఇంకను కలరు. మన జానపద చిత్రములలో మెట్లమీదినుండి దొర్లినవారు, గుఱ్ఱముమీదినుండి పడినవారు, నాయకుని బదులు గోడ దూకినవారు ఎవరు? వారి పేర్లు టైటిల్సులో పడలేదు. మదరాసు నుండి పరిశ్రమతో పాటు తరలివచ్చి కృష్ణానగరు సందులలో కాపురముండు ఫైటర్లలో పెద్దవారికి ఆ పేర్లు ఇంకను జ్ఞాపకముండవలెను. ఫలానావాడు ఫలానా చిత్రమున కాలు విఱుగగొట్టుకొనెనని చెప్పగలవారు ఏటికేడు తగ్గుచున్నారు. ఇఫ్లూలోను ఉస్మానియాలోను సినిమాపై పరిశోధనాపట్టములకై విషయములు వెదకు విద్యార్థులారా, విషయము బస్సుదూరములో ఉన్నది. మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న కత్తియుద్ధమును గూర్చినది: ఆ కత్తులకు మొన ఉండెడిదా, మొండివా, ప్రతిదినము షూటింగునకు ముందు వానిని ఎవరు పరీక్షించెడివారు, చేయి తెగినపుడు కట్టు కట్టినది కంపెనీయా, తోటి ఫైటరా?